మూడు గీతలు

గాజుపలకను అంచుల దగ్గరే పట్టుకోవాలి,
చేతికి తొడుగులు ఉన్నా సరే.
పోర్తో నగరంలో, దోరూ నది మీది పొగమంచు
మా నేలమాళిగ కిటికీ దాకా వచ్చి
పని వెతుక్కునే మనిషిలా నిలబడే ఉదయాల్లో
నా ఉద్యోగం ఇదే:
ఎప్పుడో పోయినవాళ్ళ ముఖాల మీద దుమ్ము దులపడం.

ఇవాళ్టి పెట్టె మీద ఒక్కటే పేరు.
ఎర్మెలిందా తావొరా, ఛాయాచిత్రకారిణి.
ఒకప్పుడు ఊరంతటికీ తెలిసిన పేరు.
ద్రాక్షసారా వర్తకులు, వాళ్ళ మీసాలు,
పెళ్ళికూతుళ్ళు, బిషప్పు గారి పిల్లి కూడా
ఆమె నల్లగుడ్డ ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్ళే.

అక్క పేరు ఫిలొమేనా.
అది పెట్టె మీద లేదు.
చాకలి పద్దు వెనకవైపు దొరికింది,
పెన్సిళ్ళ లెక్కలో:
గట్టివి ఆరు, మెత్తవి రెండు, ఫిలొమేనాకు.

నెగటివ్‌లో లోకం తిరగబడి ఉంటుంది.
తెల్లజుట్టు నల్లన, నల్లకోటు తెల్లన,
ముఖం మీది గుంట వెలుతురు చుక్కై మెరుస్తుంది.
ఆ చుక్కను పెన్సిల్ మొనతో పూడ్చాలి,
చీమ కాలంత గీత, పక్కన ఇంకో గీత.
అప్పుడే కాగితం మీద చెంప నున్నగా దిగుతుంది.
ఉత్తరపు కిటికీ దగ్గర, ఏటవాలు బల్ల మీద,
ఇరవై ఆరేళ్ళు
ఫిలొమేనా ఊళ్ళోవాళ్ళ గుంటలు పూడ్చింది.

తన చెంపల మీదవి మాత్రం,
ఏడో ఏట మశూచి తవ్విపోయినవి,
అలాగే ఉన్నాయి.
అద్దం లేని గది కావాలని అడిగి తీసుకుంది.
(ఎవరూ రాయలేదు, నేనే అనుకుంటున్నాను.)

కొయింబ్రా ప్రదర్శనలో చెల్లెలికి వెండి పతకం.
న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నది
"చర్మపు అపూర్వమైన మృదుత్వాన్ని".
పతకం ఇంకా ఉంది, దాని మఖమల్ పెట్టెకు చెదలు పట్టింది.

నాకు అక్క లేదు.
తమ్ముడున్నాడు, బ్రాగాలో బస్సు నడుపుతాడు.
అక్కాచెల్లెళ్ళ పోట్లాట ఎలా ఉంటుందో
ఎలుకలు సగం తిన్న ఈ ఉత్తరంలోనే చూశాను:

"నువ్వు చూసేది ఒక్క క్షణం, ఎర్మెలిందా.
నేను మూడు రోజులు చూస్తాను వాళ్ళను.
ఆ నోటరీ భార్య కంటి కింద గాయం
మెట్ల మీంచి పడితే వచ్చింది కాదు.
పూడ్చమంటావు, పూడుస్తాను.
తెలిసే పూడుస్తున్నానని మాత్రం
నీకు తెలిసి ఉండాలి."

జవాబు ఎలుకల పాలైంది.

పెట్టె అడుగున, ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, ఇంకొక పలక.
లైటుబల్ల మీద పెట్టాను.
నడివయసు స్త్రీ. టోపీ లేదు.
ఎదుటివాళ్ళు చేసే తప్పు కోసం కాచుకున్న కళ్ళు.
ముఖం నిండా వెలుతురు చుక్కలు,
అప్పుడే చినుకులు మొదలైన నది లాగా.

ఎడమ చెంప మీద మూడు గీతలు.
పని తెలిసిన చేయి కాదది.
లావుగా, తడబడుతూ, మూడోది సగంలో జారి
దవడ దాకా వెళ్ళిపోయింది.
కెమెరా తప్ప వేరేదీ పట్టని చెల్లెలు
ఏ రాత్రో పెన్సిల్ పట్టింది.

మరి ఎందుకాపింది?
అక్క వెనక నుంచి వచ్చి మణికట్టు పట్టుకుందా?
పట్టుకోవడానికి అప్పటికే అక్క లేదా?
లేక రెండో గుంట పూడేసరికి
ఎదురుగా ఉన్నది ఎవరో తెలియకుండా పోయిందా?
నాలుగుసార్లు తిప్పి చూశాను.
అంచున ఒక బొటనవేలి ముద్ర ఉంది.
ఎవరిదో చెప్పలేను.

కళాకారుల పేరు రాసే గడి చిన్నది,
ఒక్కరికే సరిపోతుంది.
ఇద్దరినీ ఇరికించి రాశాను,
అక్షరాలు ఒకదాని మీదకొకటి ఎక్కి,
ఇరుకు మంచం మీద నిద్రపోయే పిల్లల్లా.

మా అధికారిణి లియోకాదియా వచ్చి చూసి
"పలక దెబ్బతింది, గీతలు పడ్డాయి అని రాయలేదేం?" అంది.

రాయలేదు.
దూది తడిపి చుట్టూ తుడిచాను,
ఆ మూడింటినీ తాకకుండా.